బొమ్మలు వేసేవారు, డిజైనర్లు తమ కళను వృత్తిగా నిలబెట్టుకోవడం ఎలా

చక్కగా బొమ్మ వేయగలిగినవారు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. ఆ బొమ్మతో ఇల్లు గడుపుకోగలిగినవారు మాత్రం తక్కువ. ఈ తేడాకు కారణం చాలాసార్లు నైపుణ్యంలో ఉండదు, పనిని అమ్మే తీరులో ఉంటుంది. ధర ఎంత చెప్పాలో లెక్క ఉండదు, పని ఒప్పుకునేటప్పుడు కాగితం మీద ఏమీ రాసుకోరు, గీసిన బొమ్మను ఎవరు, ఎక్కడ, ఎంతకాలం వాడుకోవచ్చో తేల్చుకోరు. ఒకప్పుడు చందమామ వంటి పత్రికలు చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వంటి చిత్రకారులకు స్థిరమైన పని కల్పించాయి. పత్రికల్లో అటువంటి కొలువులు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. అందువల్ల బొమ్మ వేసే మనిషే తన బేరం, తన లెక్క, తన హక్కు చూసుకోవలసి వస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చిత్రకళనో డిజైన్‌నో చేతివృత్తినో నమ్ముకుని బతకాలనుకునేవారికి ఈ వ్యవహారం గురించి ఏమేం తెలిసి ఉండాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

ఏ పని అమ్మాలో తేల్చుకోవడం

"నేను ఆర్టిస్టును, ఏదైనా చేస్తాను" అని చెప్పుకునే వారికి పని దొరకడం కష్టం. కొనేవారికి కళ గురించిన ఆలోచన ఉండదు, వారికి ఒక అవసరం ఉంటుంది. ప్రచురణకర్తకు పుస్తకం అట్ట కావాలి, పచ్చళ్ల వ్యాపారికి సీసా మీద అంటించే లేబులు కావాలి, సినిమా పబ్లిసిటీ డిజైనర్‌కు టైటిల్ అక్షరాలు కావాలి, పెళ్లివారికి శుభలేఖ కావాలి, కొత్తగా పెట్టిన బడికి గోడ బొమ్మలు కావాలి. మీరు చేయగలిగిన పనుల్లో ఒకటి రెండింటిని ఎంచుకుని, వాటినే ముందు పెట్టి చెప్పుకుంటే, అవసరం వచ్చినప్పుడు మీ పేరు గుర్తుకొస్తుంది.

ఎంచుకునేటప్పుడు తెలుగు వారిగా మనకున్న ఒక బలాన్ని తప్పక లెక్కలోకి తీసుకోవాలి. తెలుగు అక్షరాలను అందంగా, తప్పు లేకుండా కూర్చగలిగిన డిజైనర్లు నిజంగా కొద్దిమందే ఉన్నారు. ముంబయిలోనో బెంగళూరులోనో తయారై మన దగ్గరకు వచ్చే ప్రకటనల్లో వత్తులు విడిపోయి కనబడటం, గుణింతాలు పక్క అక్షరం మీదకు ఎక్కి కూర్చోవడం మనం రోజూ చూస్తున్నదే. డీటీపీ కేంద్రాల్లో అలవాటైన అనూ ఫాంట్ల నుంచి, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌కు పాఠాన్ని చెడిపోకుండా మార్చడం, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకుని వత్తులు సరిగా కూర్చునేలా చూడటం, శీర్షికకు సరిపడే అక్షరరూపాన్ని చేత్తో రాయడం తెలిసిన మనిషికి ప్రకటన సంస్థల్లోనూ ప్రచురణ సంస్థల్లోనూ విలువ ఉంటుంది. సిలికానాంధ్ర చొరవతో విడుదలైన రామభద్ర, మల్లన్న, ధూర్జటి, సురవరం, మండలి వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతున్నాయి. వాటిని వ్యాపార పనుల్లో వాడుకోవడానికి ఎవరికీ రుసుము కట్టనక్కరలేదు. లైసెన్సు లేని ఫాంటుతో లోగో చేసి ఇస్తే దానివల్ల వచ్చే చిక్కు మీ ఖాతాదారు (మీ చేత పని చేయించుకునే క్లయింటు) మెడకు చుట్టుకుంటుంది కాబట్టి, ప్రతి పనిలో ఏ ఫాంటు వాడారో రాసిపెట్టుకునే అలవాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

చదువు విషయం క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్ చిత్రకళా శిక్షణకు పేరున్న చోట్లు. డిజైన్ కోసం ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్, హైదరాబాద్ నిఫ్ట్, ఐఐటీ హైదరాబాద్ ఉన్నాయి. పట్టా వల్ల ఉద్యోగంలోకి ప్రవేశం సులువవుతుంది, తోటివారి పరిచయం కలుగుతుంది. స్వతంత్రంగా పనిచేసే వారిని మాత్రం పట్టా గురించి అడిగే ఖాతాదారు అరుదు, చేసిన పని చూపమని అడగని ఖాతాదారు ఉండరు. చదువు పూర్తయ్యాక సాధన కొనసాగించదలచిన 18 నుంచి 25 ఏళ్ల లోపు వారికి కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ రెండేళ్లపాటు నెలకు రూ. 5,000 ఉపకార వేతనం ఇచ్చే పథకం నడుపుతోంది. దరఖాస్తు ప్రకటన ఎప్పుడు వస్తుందో కనిపెట్టుకుని ఉండాలి.

చూపించవలసిన నమూనాలు

నమూనాల సంపుటిలో 10 నుంచి 15 పనులు చాలు. అన్నీ బాగున్నవే ఉండాలి, అన్నీ మీకు కావలసిన తరహా పనులే ఉండాలి. పుస్తకాల అట్టలు వేయాలనుకునే మనిషి సంపుటిలో సినీతారల పెన్సిల్ బొమ్మలు నింపితే, చూసినవారు మెచ్చుకుంటారు కానీ పని ఇవ్వరు. ఇంకా ఎవరూ పని ఇవ్వలేదన్న దిగులు అక్కరలేదు. మీ ఊరిలో నిజంగా ఉన్న అవసరాన్ని తీసుకుని మీకై మీరే చేసి చూపవచ్చు. మీ వీధిలోని నువ్వుల నూనె గానుగకు సీసా లేబులు ఎలా ఉంటే బాగుంటుందో, మీకు నచ్చిన కథల పుస్తకానికి కొత్త అట్ట ఎలా వేస్తారో చేసి చూపండి. అది ఎవరూ పురమాయించని పని అని మాత్రం స్పష్టంగా రాయండి. ప్రతి పని పక్కనా రెండు మూడు వాక్యాల్లో అవసరం ఏమిటో, మీరు ఎందుకు అలా చేశారో రాస్తే, మీకు బొమ్మతో పాటు ఆలోచన కూడా ఉందని చూసేవారికి అర్థమవుతుంది.

ధర కట్టడం

అందరూ తడబడేది ఇక్కడే. పక్కవారు ఎంత తీసుకుంటున్నారో అడిగి అంతకు కొంచెం తగ్గించి చెప్పడం మన దగ్గర బాగా అలవాటైన పద్ధతి. పక్కవారి ధర వారి ఇంటి ఖర్చును బట్టి, ఒక్కోసారి వారి అమాయకత్వాన్ని బట్టి ఏర్పడి ఉంటుంది. దాన్ని ఆధారం చేసుకోవడం వల్ల ఇద్దరూ నష్టపోతారు. మీ ధర మీ ఖర్చు నుంచి పుట్టాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉండే ఒక డిజైనర్‌కు ఇంటి ఖర్చు నెలకు రూ. 30,000 అనుకుందాం. కంప్యూటర్ కిస్తీ, సాఫ్ట్‌వేర్ చందా, ఇంటర్నెట్, కరెంటు, రంగులు, ప్రయాణాలు కలిపి వృత్తి ఖర్చు రూ. 8,000. ఆరోగ్య బీమా, పొదుపు, పన్ను కోసం పక్కన పెట్టవలసింది రూ. 7,000. మొత్తం రూ. 45,000. నెలలో 24 రోజులు పనిచేసినా, అన్ని రోజులకూ డబ్బు రాదు. ఖాతాదారులను కలవడం, ధర రాసి పంపడం, బాకీ వసూలు చేసుకోవడం, కొత్త విషయం నేర్చుకోవడం సగం రోజులను తినేస్తాయి. డబ్బు వచ్చే రోజులు 12 అనుకుంటే, రోజుకు రూ. 3,750 పడుతుంది. రెండు రోజులు పట్టే పుస్తకం అట్టకు రూ. 7,500 కంటే తక్కువ ఒప్పుకుంటే ఆ తగ్గిన మొత్తం మీ జేబులోంచే పోతుంది. ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవి. మీ అంకెలతో మీ లెక్క ఒకసారి వేసుకుని గోడకు అంటించుకోండి, ఏడాదికొకసారి సరిచూసుకోండి.

రోజు కూలి లెక్క కనీస ధరను మాత్రమే చెబుతుంది. దాని మీద వాడుకను బట్టి మరో లెక్క ఉంటుంది. ఒకే బొమ్మ వీధి చివరి మిఠాయి దుకాణం కరపత్రం మీద వెయ్యి కాపీలకు అచ్చయితే ఒక ధర, అదే బొమ్మ రెండు రాష్ట్రాల్లో అమ్మే ప్యాకెట్ మీద ఏళ్ల తరబడి అచ్చవుతుంటే మరో ధర ఉండాలి. మీ శ్రమ రెండు చోట్లా ఒకటే కావచ్చు, దాని వల్ల ఖాతాదారుకు కలిగే లాభం ఒకటి కాదు. మొదట్లో ఈ మాట పైకి చెప్పడానికి నోరు రాదు. "ఈ ధర కరపత్రానికి, ప్యాకెట్ మీద వాడదలిస్తే విడిగా మాట్లాడుకుందాం" అని ఒక్క వాక్యం ధర పత్రంలో రాసి పంపితే, నోటితో చెప్పవలసిన ఇబ్బంది ఉండదు.

బంధువులు, స్నేహితుల పని విషయంలో నా అభిప్రాయం ఇది: చేయదలిస్తే పూర్తిగా ఉచితంగా, కానుకగా చేయండి, లేకపోతే పూర్తి ధరకు చేయండి. సగం ధరకు చేసిన పనిలో ఇద్దరికీ అసంతృప్తి మిగులుతుంది. కానుకగా ఇచ్చినప్పుడు కూడా అసలు ధర రాసి, దాన్ని తగ్గించినట్టు చూపే బిల్లు ఇవ్వండి. ఆ పని విలువ ఎంతో వారికి తెలుస్తుంది, మరొకరికి మీ పేరు చెప్పేటప్పుడు "ఊరికే చేసిపెడతాడు" అనరు.

ఒప్పందం, హక్కులు

ఒప్పందం అనగానే వకీలు, స్టాంపు కాగితం గుర్తుకు వస్తాయి. చిన్న పనులకు అంత అవసరం లేదు. ఏమి చేసి ఇస్తారు, ఎప్పటికి ఇస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ధర ఎంత, ఎప్పుడెప్పుడు చెల్లించాలి, బొమ్మను ఎక్కడ ఎంతకాలం వాడుకోవచ్చు, మధ్యలో పని ఆపేస్తే ఎంత ఇవ్వాలి అన్న సంగతులు ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో స్పష్టంగా రాసి, అవతలివారి చేత "అంగీకారమే" అనిపించుకుంటే చాలావరకు రక్షణ ఉంటుంది. సగం అడ్వాన్సు అందాకే పని మొదలుపెట్టడం, మిగతా సగం అందాకే అచ్చుకు వెళ్లే అసలు ఫైలు ఇవ్వడం మంచి పద్ధతి. మార్పులు రెండుసార్లు ధరలోనే కలిసి ఉంటాయని, ఆపైన ప్రతి విడతకూ ఇంత అని ముందే రాయకపోతే, "రంగు కొంచెం మార్చండి" అన్న మాట నెలల తరబడి ఆగదు.

హక్కుల సంగతి ఇంకా లోతుగా తెలిసి ఉండాలి. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అది వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికి వస్తుంది. చిత్రకారుల జీవితకాలం, ఆపైన 60 ఏళ్ల వరకు ఆ హక్కు ఉంటుంది. కానీ రెండు మినహాయింపులు చాలామందికి తెలియవు. ఉద్యోగంలో ఉండి ఉద్యోగ బాధ్యతగా గీసిన బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. అలాగే ఎవరైనా డబ్బిచ్చి పురమాయించగా వేసిన పెయింటింగ్, రూపచిత్రం, తీసిన ఫోటో విషయంలో కూడా, వేరుగా రాసుకోకపోతే, పురమాయించిన మనిషికే తొలి హక్కు దక్కుతుంది. అందువల్ల ఒక హోటల్ కోసం వేసిన పెయింటింగ్‌ను రేపు క్యాలెండర్‌గా అచ్చువేసుకోవాలన్న ఆలోచన మీకు ఉంటే, ఆ హక్కు మీ దగ్గరే ఉంటుందని పని మొదలుకాకముందే రాయించుకోవాలి.

హక్కును పూర్తిగా బదిలీ చేసేటప్పుడు అది సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి పరిమితమైనట్టు లెక్కిస్తుంది. హక్కు అమ్మేశాక కూడా ఆ బొమ్మ మీదేనని చెప్పుకునే అధికారం, మీ ప్రతిష్ఠకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే అధికారం మీకు మిగిలే ఉంటాయి. "అన్ని హక్కులూ శాశ్వతంగా మాకే" అన్న ఒక్క వాక్యంతో వచ్చే కాగితం మీద వెంటనే సంతకం చేయవద్దు. అవతలివారికి నిజంగా కావలసిన వాడుక ఏమిటో అడిగి, ఆ వాడుకకు మాత్రమే అనుమతి ఇస్తూ తిరిగి రాయండి. చాలా సందర్భాల్లో వారు ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆ వాక్యం ఎవరో పాత నమూనాలోంచి ఎత్తిరాసినది అయి ఉంటుంది.

వస్త్రాల మీద, ఆటవస్తువుల మీద, పాత్రల మీద వేసే డిజైన్ల విషయంలో మరో నిబంధన ఉంది. డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన డిజైన్‌ను నమోదు చేయకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువసార్లు తయారు చేస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. నమోదు చేసుకుంటే మొదట పదేళ్లు, పొడిగించుకుంటే మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. ఆ డిజైన్ లోకానికి ముందే తెలిసి ఉండకూడదన్నది నియమం కాబట్టి, నమోదు చేయదలచిన డిజైన్‌ను దరఖాస్తు పెట్టకముందు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవద్దు.

చేతివృత్తుల్లో ఉన్నవారికి

కలంకారీ, చేర్యాల నకాషీ, నిర్మల్, కొండపల్లి, ఏటికొప్పాక, తోలుబొమ్మల వంటి కళల్లో ఉన్నవారికి పైన చెప్పినదంతా వర్తిస్తూనే, మరికొన్ని చిక్కులు అదనంగా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది నకలు సరుకు. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరవేయాలి. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నీటిలో పులియబెట్టి నల్ల రంగు తయారు చేసుకోవాలి. కలంతో గీత గీయాలి, పటిక అద్దాలి, పారే నీటిలో ఉతకాలి, ఒక్కో రంగుకూ ఈ వరసలో కొంత మళ్లీ చేయాలి. స్క్రీన్ ప్రింటింగ్ చేసిన చీర ఇవేవీ లేకుండా అదే బొమ్మతో, ఎన్నో రెట్లు తక్కువ ధరకు వస్తుంది. కొనేవారికి తేడా తెలియనంతకాలం మీరు ధర గురించి ఎంత వాదించినా ఉపయోగం లేదు. అందుకే ప్రతి దశనూ ఫోన్‌తో చిన్న వీడియోగా తీసి దాచుకోండి. చీరతో పాటు అది ఎన్ని రోజుల పనో, ఏ రంగు దేనితో వచ్చిందో రాసిన చీటీ ఇవ్వండి. భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు దక్కేలా చేసే జీఐ నమోదు) ఉన్న కళ అయితే, అధీకృత వాడుకదారుగా మీ పేరు నమోదు చేయించుకోండి. శ్రీకాళహస్తి కలంకారీకీ అచ్చులతో అద్దే మచిలీపట్నం కలంకారీకీ గుర్తింపులు వేరువేరుగా ఉన్నాయి, ఒకదాని పేరుతో మరొకటి అమ్మకూడదు.

ఏటికొప్పాక నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అంకుడు కర్రను తిప్పుడు యంత్రం మీద బొమ్మలుగా చెక్కి లక్క రంగులు అద్దడం పాత విద్యే. రసాయన రంగుల వాడకం పెరిగిన తరవాత, మొక్కల నుంచి తీసిన రంగులను తిరిగి వాడుకలోకి తేవడానికి సి.వి. రాజు గారు ఏళ్ల తరబడి కృషి చేశారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పసిపిల్లలు నోట పెట్టుకునే బొమ్మకు హాని చేయని రంగు అన్నది ఇవాళ తల్లిదండ్రులు వెతికే గుణం. పాత విద్యలో అటువంటి గుణం ఏదో గుర్తించి, దాన్నే ముందు పెట్టి అమ్మడం నకలు సరుకుతో పోటీ పడటానికి మంచి దారి.

ఆటబొమ్మలు చేసేవారు హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే పెహచాన్ అనే గుర్తింపు కార్డు తప్పక తీసుకోవాలి. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు బీఐఎస్ నాణ్యతా ముద్ర తప్పనిసరి అయినప్పటికీ, ఆ కార్యాలయంలో నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. ప్రభుత్వ మేళాల్లో స్టాల్ దొరకడానికి కూడా ఆ కార్డే ఆధారం. చేతివృత్తులవారి కోసం కేంద్రం నడిపే పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో బొమ్మల తయారీ, శిల్పం, కుమ్మరం ఉన్నాయి. పనిముట్లకు రూ. 15,000 వరకు సాయం, ఐదు శాతం వడ్డీతో మొదటి విడత లక్ష, రెండో విడత రెండు లక్షల రూపాయల వరకు రుణం అందులో దొరుకుతాయి.

కొనేవారు దొరికే చోట్లు

ఇన్‌స్టాగ్రామ్ ఖాతా అవసరమే, కానీ దాని మీదే ఆధారపడితే మెప్పు వచ్చినంత సులువుగా డబ్బు రాదు. నేరుగా కలవడం ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. మీ పట్టణంలోని ప్రింటింగ్ ప్రెస్సుల యజమానులు అందరికంటే ముందు కలవవలసినవారు, ఎందుకంటే అచ్చు పని వచ్చిన ప్రతిచోటా డిజైన్ అవసరం వారికే ముందు తెలుస్తుంది. సరుకు అమ్మేవారికి శిల్పారామాలు, లేపాక్షి, గోల్కొండ హస్తకళల దుకాణాలు, జనవరి 1న నాంపల్లిలో మొదలయ్యే నుమాయిష్, ఫిబ్రవరిలో జరిగే సూరజ్‌కుండ్ మేళా, ఢిల్లీ హాట్ ఉన్నాయి. మేళాకు వెళ్లినప్పుడు ఆ పది రోజుల అమ్మకం ఒక్కటే చూసుకోకండి. కొన్న ప్రతి మనిషి ఫోన్ నంబరు అనుమతితో రాసుకుని, తరవాతి పండగకు కొత్త సరుకు ఫోటోలు పంపితే, అసలు వ్యాపారం అక్కడి నుంచి మొదలవుతుంది. విదేశాల్లోని తెలుగువారు తానా, ఆటా వంటి సంఘాల మహాసభలకు, పిల్లల తెలుగు పుస్తకాలకు, వేడుకల ఆహ్వానాలకు మన డిజైనర్ల కోసం వెతుకుతూ ఉంటారు. దూరం వల్ల వసూలు కష్టం కాబట్టి వారి పనికి అడ్వాన్సు కొంచెం ఎక్కువే అడగండి.

నమోదులు, పన్నులు, రావలసిన బాకీలు

వృత్తి డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తెరవడం మొదటి పని. తరవాత చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవాలి. అది పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, మధ్యవర్తికి డబ్బు ఇవ్వనక్కరలేదు. దీని అసలు విలువ బాకీల దగ్గర తెలుస్తుంది. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు కొనుగోలుదారు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఇటువంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే వీలు కూడా ఉంది. పని ఒప్పుకోకముందే నమోదు పూర్తిచేసుకుని, ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరు, చెల్లింపు గడువు వేయండి. కంపెనీల లెక్కల విభాగాలు ఆ నంబరు చూసి బిల్లును త్వరగా కదిలిస్తాయి.

సేవలు అందించే డిజైనర్ల వార్షిక రాబడి రూ. 20 లక్షలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కరలేదు. సరుకు అమ్మేవారికి ఆ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో రూ. 40 లక్షలు, తెలంగాణలో రూ. 20 లక్షలు. కంపెనీలు మీకు చెల్లించేటప్పుడు టీడీఎస్ (ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుంటాయి. అది పోయిన డబ్బు కాదు, ఏడాది చివర రిటర్ను వేసి సరిచూసుకోవచ్చు, పన్ను పడకపోతే వెనక్కి వస్తుంది. చిన్న రాబడి అని రిటర్ను వేయడం మానేస్తే, రేపు ఇంటి రుణానికో ముద్ర రుణానికో వెళ్లినప్పుడు బ్యాంకుకు చూపించడానికి ఏమీ ఉండదు.

ఉద్యోగం మానడానికి ముందు

ఇంట్లో పెద్దవారు భయపడటం సహజమే, ఆ భయానికి అంకెలతో జవాబు చెప్పాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి. ప్రతి నెలా ఎంతో కొంత పని ఇచ్చే ఖాతాదారులు కనీసం ఇద్దరు ఉండాలి. సాయంత్రాలు, సెలవు రోజుల్లో చేసిన పని మీద వచ్చిన రాబడి, వరసగా కొన్ని నెలలు, జీతంలో సగానికి చేరి ఉండాలి. ఈ మూడూ లేకుండా మానేస్తే అద్దె కట్టే తేదీ దగ్గరపడినప్పుడల్లా ఏ ధరకైనా ఒప్పుకోవలసి వస్తుంది, ఒకసారి పడిపోయిన ధరను అదే ఖాతాదారు దగ్గర మళ్లీ పెంచడం చాలా కష్టం. ఉద్యోగ ఒప్పందంలో బయటి పనులు చేయకూడదన్న నిబంధన ఉందేమో ముందే చదువుకోండి.

మానే నెలను కూడా ఆలోచించి ఎంచుకోండి. ఆషాఢంలోనూ మూఢంలోనూ శుభలేఖల పని దాదాపు ఆగిపోతుంది. శ్రావణం నుంచి పెళ్లిళ్ల పని మొదలవుతుంది, వినాయక చవితి దాటాక దసరా, దీపావళి ప్రకటనల కోసం దుకాణాలు, సంస్థలు తొందరపడతాయి, డిసెంబరులో క్యాలెండర్లు, డైరీలు వస్తాయి. వేసవిలో బడుల పని ఉంటుంది. ఆషాఢంలో చేతిలో పని తక్కువగా ఉన్నప్పుడు నమూనాల సంపుటిని కొత్తగా సిద్ధం చేసుకుని, ధర పత్రం, ఒప్పంద పత్రం నమూనాలు రాసిపెట్టుకుని, ప్రెస్సులనూ దుకాణాలనూ ఒక చుట్టు చుట్టి వచ్చి, శ్రావణం మొదటి వారంలో స్వతంత్రంగా పని మొదలుపెడితే, డిసెంబరు వరకు చేతినిండా పని ఉండే అవకాశం ఎక్కువ.